పాత ఫోటోలో ఉన్న ఆ మనిషి ఎవరో కనుక్కోవడం ఎలా?

"ట్రంకు పెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది. అందులో ఉన్నది ఎవరో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎలా కనుక్కోవాలి?" ఎక్కడికెళ్లినా నన్ను ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఫోటోలోని ముఖాన్ని తదేకంగా చూసి, "ముక్కు అచ్చం మా తాతయ్యదే, ఆయన తమ్ముడై ఉంటాడు" అని తేల్చేసుకుని వస్తారు. దారి తప్పేది అక్కడే. పోలిక సాక్ష్యం కాదు. అన్నిటికన్నా చివర చూడాల్సింది ముఖం. ముందు కాగితం, తర్వాత కాలం, ఊరు, ఆ తర్వాతే పేరు. పేరు ఖాయమైతే ఆ మనిషి జీవితం కోసం వెతకొచ్చు.

ఒకటి ముందే చెప్పేస్తాను. కొన్ని ఫోటోలకి పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, పెళ్లి, పోయిన తిథి దాకా అన్నీ దొరుకుతాయి. కొన్నిటికి ఊరు, సంవత్సరం తప్ప ఇంకేమీ దొరకదు. ఆ మాత్రం రుజువుతో దొరికినా అది మంచి ఫలితమే.

కావలసినవి

- ఫోటో. ఫ్రేములో ఉంటే ఫ్రేముతో సహా, ఆల్బమ్‌లో ఉంటే ఆల్బమ్‌తో సహా
- స్కానర్, లేదా మంచి కెమెరా ఉన్న ఫోన్
- భూతద్దం, స్కేలు, మెత్తటి పెన్సిల్
- దొంగనోట్లు చూడటానికి షాపులవాళ్లు వాడే చిన్న అల్ట్రావయొలెట్ టార్చి. తప్పనిసరి కాదు కానీ ఉంటే చాలా పనికొస్తుంది
- అరవై తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక. పంచాంగాల్లో ఉంటుంది
- ఒక నోటుబుక్కు. ఏది ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయడానికి

1. ముట్టుకునే ముందు కాపీ తీసుకోండి

ఫోటోని ముందూ వెనకా రెండువైపులా స్కాన్ చేయండి. 600 డీపీఐకి తగ్గొద్దు. వెనక ఏమీ లేదనిపించినా వదలకండి. కంటికి ఆనని పెన్సిల్ రాత, కాంట్రాస్ట్ పెంచితే చాలాసార్లు బయటపడుతుంది. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని ఫోటోకి సమాంతరంగా పట్టి తీయండి. తర్వాత టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి ఇంకొకటి తీయండి. అట్టమీద రంగు లేకుండా నొక్కిన స్టూడియో ముద్రలు ఆ వెలుతురులోనే కనిపిస్తాయి.

చేయకూడనివి: ల్యామినేషన్ వద్దు. తడిగుడ్డతో తుడవద్దు. అద్దానికి అంటుకుపోయిన ఫోటోని లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయండి. వెనక బాల్‌పెన్నుతో ఏమీ రాయొద్దు.

ఫ్రేము విప్పాల్సి వస్తే వెనక అట్టకీ ఫోటోకీ మధ్య ఏముందో చూడండి. ఫ్రేములు కట్టేవాళ్లు అక్కడ పాత పేపరో, క్యాలెండర్ కాగితమో మడిచి పెట్టేవారు. దానిమీద తేదీ ఉంటే, ఆ తేదీ తర్వాతే ఫ్రేము కట్టారని అర్థం. ఫోటో తీసింది ఎప్పుడో అది చెప్పదు. ఈ రెండిటినీ కలిపేసి పొరబడేవాళ్లు చాలామంది.

2. ఫోటో మీ దగ్గరికి ఎలా వచ్చిందో రాయండి

ఎవరి పెట్టెలో ఉంది? ఆ పెట్టె పుట్టింటి నుంచి వచ్చిందా, అత్తింటిదా? ఆల్బమ్‌లో అటూ ఇటూ ఎవరి ఫోటోలున్నాయి? అదే సైజు, అదే అట్ట ఉన్న ఫోటోలు ఇంకేమైనా ఉన్నాయా? అమ్మమ్మ పెట్టెలో దొరికిన ఫోటోని నాన్నవైపు బంధువుల్లో వెతుకుతూ కూర్చుంటే కాలం వృథా. ఆడవాళ్లు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఫోటోలు పెట్టె అడుగున, చీరల మడతల్లో ఉండటం మన ఇళ్లలో మామూలు. అందుకని ముందు ఆ పెట్టె సొంతదారు పుట్టింటివైపు ఆలోచించండి.

ఫోటో కొన్నదైతే, అంటే హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులాంటి చోట దొరికిందైతే, అమ్మినాయన్ని అడగండి. ఏ పేటలో, ఏ ఇంటి పాత సామానులో వచ్చిందో వాళ్లకి చాలాసార్లు గుర్తుంటుంది. అదే కట్టలో వచ్చిన ఉత్తరాలు, పుస్తకాలు ఇంకా అక్కడే ఉంటే అవీ కొనండి. ఫోటోకన్నా వాటిమీదే పేర్లు ఎక్కువ ఉంటాయి.

3. వెనకవైపు చదవండి

ఇక్కడ తొందరపడకండి. సగం పని ఇక్కడే అవుతుంది.

*చేతిరాత.* దేనితో రాశారో ముందు చూడండి. 1920ల నాటి ఫోటో వెనక బాల్‌పెన్నుతో పేరు ఉంటే, ఆ పేరు ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో గుర్తుచేసుకుని రాసింది. అది విన్నమాట కిందే లెక్క. ఫోటో కాలం నాటి సిరాతోనో పెన్సిల్‌తోనో ఉంటే విలువ ఎక్కువ.

*తెలుగు సంవత్సరం.* వెనక పెన్సిల్‌తో "రక్తాక్షి, మాఘ శు. 5" అని ఉందనుకోండి. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో "కొకనాడ" అని స్టూడియో ముద్ర. ఎలా విప్పాలో చూద్దాం. ప్రభవ 1867, 1927, 1987లో వచ్చింది. ఆ లెక్కన రక్తాక్షి 1864-65, 1924-25, 1984-85. కాకినాడని కొకనాడ అని రాయడం, ఫోటో దళసరి అట్టమీద ఉండటం చూస్తే 1984 కుదరదు. 1864లో అక్కడ అలాంటి స్టూడియో ఫోటో ఉండటం దాదాపు అసాధ్యం. అంటే 1924-25. ఇప్పుడు చాలామంది "1924" అని రాసేసుకుంటారు. అది తప్పు. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది, మాఘం దాని చివర్లో వస్తుంది. అంటే అది 1925 జనవరి నెలాఖరు. పైగా మాఘమాసం పెళ్లిళ్ల కాలం, శుద్ధ పంచమి అక్షరాభ్యాసాలు చేసే రోజు. పక్కన పిల్లవాడున్నాడా, మెడలో దండలున్నాయా అని మళ్లీ ఫోటో చూడటానికి అదొక కారణం.

*ఫసలీ.* ఫసలీ అంటే భూమిశిస్తు లెక్కలకి వాడిన సంవత్సరం. దానికి 590 కలపండి. 1340 ఫసలీ అంటే 1930-31. ఆజూర్, దై, బహమన్, ఖుర్దాద్ లాంటి నెలల పేర్లుంటే అది నిజాం ఇలాకా. రాత ఉర్దూలో ఉంటే "ఏదో గీతలు" అని వదిలేయకుండా చదవగలిగిన పెద్దాయనకి చూపించండి. తెలంగాణలో ఆ తరంలో చదువుకున్నవాళ్లు తెలుగింటివాళ్లయినా ఉర్దూలోనే రాసుకునేవారు.

*ఊరు, జిల్లా.* స్టూడియో ముద్రలో ఊరి పేరు, జిల్లా పేరు కలిపి చూడండి. ఏలూరు కృష్ణా జిల్లాలో ఉందంటే 1925కి ముందు. ఖమ్మం వరంగల్ జిల్లాలో ఉంటే 1953కి ముందు. ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉంటే 1904కీ 1970కీ మధ్య. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉంటే 1979కి ముందు. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతే. బెజవాడ (విజయవాడ), ఎల్లూరు (ఏలూరు), చికాకోల్ (శ్రీకాకుళం) లాంటి స్పెల్లింగులు పాతకాలానివి. కానీ జాగ్రత్త, ఒకసారి చేయించిన రబ్బరు ముద్రని స్టూడియోవాళ్లు అరిగిపోయేదాకా వాడేవారు. జిల్లా మారిన మరుసటి రోజే ముద్ర మారదు. ఐదారేళ్లు అటూ ఇటూ వదులు పెట్టుకోండి.

*స్టూడియో పేరు.* పేరున్న స్టూడియో ముద్ర ఉన్నంత మాత్రాన ఆ పేరుగల మనిషే ఫోటో తీశాడని కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో చనిపోయారు. ఆ తర్వాతా ఆ కుటుంబం అదే పేరుతో నడిపింది. ముద్ర పక్కన పెన్సిల్‌తో అంకె ఉంటే అది చాలావరకు నెగటివ్ నంబరు. స్టూడియో ఇంకా నడుస్తుంటే, కనీసం ఆ వారసులు ఊళ్లో ఉంటే, నంబరు పట్టుకుని వెళ్లండి. ఆ కాలపు గాజు నెగటివ్‌లు చాలాచోట్ల పారేశారు, అయినా రిజిస్టరు మిగిలి ఉండొచ్చు.

*తపాలా బిళ్ల.* ఫోటోని పోస్టుకార్డుగా పంపి ఉంటే ముద్ర తేదీ చాలు. అది చెరిగిపోయినా, బిళ్లమీద విలువ అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. "నయా పైసలు" అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది.

4. కాగితంతో కాలాన్ని బిగించండి

ఒక్క సంవత్సరం కోసం పట్టుబట్టకండి. "దీనికి ముందు కాదు, దీని తర్వాత కాదు" అని రెండు హద్దులు వేసుకోండి.

పలచటి, గోధుమరంగు ఫోటోని దళసరి అట్టకి అతికించి, అట్ట సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు ఉంటే, 19వ శతాబ్దం చివరి నుంచి 1920ల దాకా అనుకోవచ్చు. పెద్ద అట్టలమీద అతికించిన గ్రూప్ ఫోటోలు మాత్రం మన దగ్గర చాలా తర్వాత కూడా వచ్చాయి. అట్ట ఉంది కదా అని తాతల కాలానికి తీసుకెళ్లొద్దు.

కాగితం వెనక లేతగా అచ్చయిన కంపెనీ పేరు వెతకండి. "ఇందు" అని ఉంటే అది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారీ. 1960లో పెట్టిన ఆ ఫ్యాక్టరీలో ఉత్పత్తి 1967లో మొదలైంది. అంతకుముందుది కాదు. ప్లాస్టిక్ పూత ఉన్నట్టు నున్నగా, జారుడుగా ఉండే కాగితం 1970ల నుంచి.

ఇప్పుడు టార్చి. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ వెలుతురు వేస్తే తెల్లని అంచులు నీలంగా మెరిసిపోతున్నాయా? కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు ఫోటో పేపర్లలోకి వచ్చింది 1950లలో. మెరిస్తే ఆ తర్వాతిదే. మెరవకపోతే మాత్రం ఏ సంగతీ తేలదు. తర్వాతి కాలంలో కూడా అవి లేని కాగితాలున్నాయి.

పెద్ద చిక్కు ఇంకొకటుంది: ఫోటోకి ఫోటో. పాత ఫోటో పాడైపోతుంటే స్టూడియోలో దానికి మళ్లీ ఫోటో తీయించి కాపీలు పంచుకునేవారు. అప్పుడు కాగితం 1975ది, మనిషి 1930 వాడు. కనిపెట్టడం తేలిక. బొమ్మలో మడత గీతో, పురుగు తిన్న మచ్చో కనిపిస్తుంది. వేలితో మెల్లగా తడిమితే కాగితం మాత్రం నున్నగా ఉంటుంది. అలా ఉంటే అసలు ఫోటో ఇంకో బంధువు ఇంట్లో ఉండే అవకాశముంది. దాని వెనకే పేరు ఉండొచ్చు.

5. ఇప్పుడు ఫోటో లోపలికి చూడండి, ముఖం తప్ప

భూతద్దంతో మూల నుంచి మూలకి వెళ్లండి. కనిపించిన ప్రతి వస్తువూ రాయండి: కుర్చీ, పూలకుండీ, తెర, పుస్తకం, గడియారం, చెప్పులు, ఉంగరం, బ్యాడ్జీ.

స్టూడియో ఫోటోలో కోటు చూసి ఆస్తి అంచనా వేయకండి. కోటు, కళ్లజోడు, చేతిలో పుస్తకం స్టూడియోవాళ్లే ఇచ్చేవారు. చేతికర్ర కూడా. నమ్మాల్సింది అద్దెకు దొరకనివాటిని. బొట్టు, నామాలు, విభూతి, జంధ్యం, తాళి, మెట్టెలు, పచ్చబొట్టు, పాదాలు. కోటు కింద చెప్పుల్లేని పగిలిన మడమలు కనిపిస్తే అది కోటుకన్నా ఎక్కువ చెబుతుంది.

వెనక వేలాడే తెర చాలా విలువైనది. అదే రంగుల తెర, అదే బల్ల ఉన్న ఇంకో ఫోటో మీ బంధువుల ఇంట్లో పేరూ తేదీతో దొరికితే మీ ఫోటోకి ఊరు దొరికినట్టే.

యూనిఫాం ఉంటే బొత్తాలు, టోపీమీది అక్షరాలు పెద్దవి చేసి చూడండి. ఎం అండ్ ఎస్ఎం అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. అది ఆ పేరుతో ఉన్నది 1908 నుంచి 1951 దాకా. పురాణ వేషం ఉంటే నాటక సమాజాలవైపు ఆలోచించండి. 1885లో మొదలైన సురభి కుటుంబాలతోపాటు ఊరూరా సమాజాలుండేవి, వేషంలో ఫోటో దిగడం వాళ్లకి అలవాటు.

మూడు తనిఖీలు తప్పకుండా చేయండి.

అద్దంలో బొమ్మలా తిరగబడిందా? పైట కుడిభుజం మీద, చొక్కా జేబు కుడివైపు కనిపిస్తే నెగటివ్ తిరగేసి ప్రింటు వేశారేమో చూడండి. అక్షరాలేవైనా ఉంటే తేలిపోతుంది.

రెండు ఫోటోలు కలిపారా? విడివిడిగా దిగిన భార్యాభర్తల్ని, ఒకరు పోయాక, ఒకే ఫోటోలోకి చేర్చడం మన స్టూడియోల్లో బాగా జరిగింది. ఇద్దరి ముఖాలమీద వెలుతురు వేర్వేరు వైపుల నుంచి పడుతుంటే, ఒకరి అంచులు కత్తిరించినట్టుంటే, ఆ ఇద్దరూ ఆ రోజు పక్కపక్కన లేరు. వయసు తేడా చూసి తండ్రీకూతుళ్లనుకుంటారు, తీరా చూస్తే దంపతులు.

బతికుండగా తీసిందేనా? కళ్లు తర్వాత దిద్దినట్టుండి, తల వెనక ఆనుడు ఉండి, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు వాడిపోయి ఉంటే అది పోయిన మనిషిని కూర్చోబెట్టి తీసిన ఫోటో కావచ్చు. ఎన్నో ఇళ్లలో ఆ మనిషికున్న ఒకే ఒక్క ఫోటో అదే. పెద్దవాళ్లకి చూపించేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒక హెచ్చరిక. ఫోటోని "క్లియర్" చేసే యాప్‌లు లేని కనుబొమలు, లేని పళ్లు పెడతాయి. రంగులేసే యాప్ చీర రంగుని ఊహిస్తుంది. అవి చూసి ముచ్చటపడొచ్చు కానీ ఆధారంగా తీసుకోకూడదు. ఇమేజ్ సెర్చ్‌ని భవనం, బ్యాడ్జీ, స్టూడియో ముద్ర వెతకడానికి వాడండి. ముఖాన్ని పోల్చే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి.

6. పెద్దవాళ్లని అడగండి, కానీ పేరు మీరు అందించకండి

"పెద్దమ్మా, ఈయన మన సుబ్బారావు తాతయ్య కదూ?" అని అడిగితే "ఆఁ, ఆయనే అయ్యుంటాడ్రా" అంటారు. కాదనడం ఎందుకని అనే మాట అది. దాన్ని రుజువు కింద రాసుకుంటే పని చెడిపోయినట్టే. ఫోటో చేతికిచ్చి, "పెద్దమ్మా, ఇందులో నీకేం కనిపిస్తోంది?" అని ఊరుకోండి. ఆవిడే మాట్లాడతారు.

ఫోన్‌లో చూపించకండి. పెద్దసైజు ప్రింటు తీయించండి. ముఖం గుర్తుపట్టకపోతే వస్తువు చూపించండి. "ఈ అరుగు ఎవరింటిది?" "ఇలాంటి పడక్కుర్చీ ఎవరికుండేది?" "ఈ కంటె ఎవరి మెడలో చూశావు?" ముఖాలు మర్చిపోయినవాళ్లకి కూడా ఇళ్లూ నగలూ గుర్తుంటాయి. ఒక నగ ఎవరికి పంచారో చెబుతూ మొత్తం కుటుంబం చెప్పేస్తారు.

ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగండి. పెళ్లిలో అందరిముందూ ఫోటో తిప్పితే మొదట గట్టిగా చెప్పినవాళ్ల మాటే అందరి మాట అవుతుంది. బంధువులనే కాదు, పక్కింటివాళ్లని, పాత కరణంగారి కుటుంబాన్ని, ఆ ఇంటికి తరాలుగా పనిచేసిన చాకలి, మంగలి కుటుంబాల పెద్దల్ని కూడా అడగండి. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఊరు విడిచిపోయారో వాళ్లకి తెలిసినంత బంధువులకి తెలియదు.

7. పేరో ఊరో దొరికాక: కాగితాల్లో జీవితం

అన్నీ వెతకక్కర్లేదు. మీ ఫోటో ఏ రకం మనిషిదో దాన్నిబట్టి మొదలుపెట్టండి.

*ఇంట్లోనే ఉన్నవి.* చాలామంది ఆఫీసుల చుట్టూ తిరిగాక గానీ వీటిని చూడరు. శుభలేఖలు. పెళ్లి చదివింపుల పుస్తకం, ఇందులో పేరు, ఊరు, చదివించిన మొత్తం వరసగా ఉంటాయి. ఆబ్దికం తిథులు రాసిన చీటీలు. మహాలయ పక్షాల్లో తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతలతోపాటు మేనమామలు, అత్తలు, పిల్లలు లేకుండా పోయినవాళ్ల పేర్లు కూడా గోత్రంతో రాసి పెట్టుకుంటారు. వంశవృక్షంలోకి ఎక్కని మనుషులు ఆ చీటీలో ఉంటారు. గయ వెళ్లొచ్చిన కుటుంబమైతే అక్కడి పండాల బహీల్లో, అంటే వచ్చిన యాత్రికుల వంశాలు రాసిపెట్టుకునే పుస్తకాల్లో, ఊరి పేరుతో వెతికించవచ్చు.

*భూమి ఉన్నవాళ్లు.* ఆంధ్ర ప్రాంతంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, డైగ్లాట్. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. ఏ పొలం ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డులివి. పట్టాదారు పేరు, చాలాసార్లు తండ్రి పేరు కూడా ఉంటాయి. ఒక ఆస్తిమీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. దస్తావేజు దొరికితే సాక్షి సంతకాలు కూడా చదవండి. ఫోటోలో పక్కన నిలబడినాయన పేరు అక్కడ ఉండొచ్చు.

*చదువుకున్నవాళ్లు.* గ్రూప్ ఫోటో అయితే అట్టకింద పేర్లుంటాయి, లేకపోతే కాలేజీలో ఇంకో కాపీ ఉండొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో వచ్చింది. అంతకుముందు బందరు నోబుల్ కాలేజీలో చదివినా, కాకినాడ పీఆర్ కాలేజీలో చదివినా పట్టా మద్రాసు విశ్వవిద్యాలయానిదే. ఆ విశ్వవిద్యాలయం క్యాలెండర్లలో పట్టభద్రుల పేర్లు అచ్చయ్యేవి. హైదరాబాద్ వైపు నిజాం కాలేజీ, 1918 తర్వాత ఉస్మానియా చూడండి.

*ప్రభుత్వ ఉద్యోగులు.* బదిలీలు, నియామకాలు మద్రాసు ప్రభుత్వ గెజిట్‌లో వచ్చేవి. దాని పేరు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్. చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు కాలం నాటివి, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం నాటివి చూడొచ్చు. వెళ్లేముందు ఏ సంవత్సరం, ఏ శాఖ అన్నది మీ చేతిలో ఉండాలి. "మా తాతగారి గురించి ఏమైనా ఉందా" అని అడిగితే ఎవరూ ఏమీ తీసివ్వలేరు.

*సైనికులు.* రెండు ప్రపంచయుద్ధాల్లో చనిపోయినవాళ్ల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. చాలా పేర్ల దగ్గర తండ్రి పేరో భార్య పేరో, ఊరి పేరో ఉంటాయి. ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా ప్రయత్నించండి.

*క్రైస్తవ కుటుంబాలు, మిషన్ బళ్లు.* చర్చిలో బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు. ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు, కాకినాడ కెనడియన్ బాప్టిస్టులు తమ తమ దేశాలకి ఫోటోలు, నివేదికలు పంపారు. అవి కొన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. హాస్టల్ పిల్లల గ్రూప్ ఫోటోలకి ఇది మంచి దారి.

*సముద్రం దాటినవాళ్లు.* స్టూడియో ముద్ర రంగూన్‌ది అయితే ఎక్కువగా 1942కి ముందు. జపాన్ దాడితో ఆ ఏడాది మనవాళ్లు లక్షల మంది మిగతా భారతీయులతో కలిసి బర్మా విడిచారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ అయితే 1860 నుంచి 1911 దాకా వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. మారిషస్‌లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస వచ్చినవాళ్ల ఫోటోలే ఉన్నాయి.

*పత్రికలు.* ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం కూడా చూడండి. స్కాన్లలో తెలుగు పేరు కొట్టి వెతకడం కుదరదు, తేదీ పట్టుకుని పేజీలు తిప్పాలి. 3, 4 అంచెల్లో కాలాన్ని బిగించుకోమన్నది ఇందుకే.

*ఫోటోలో ఉన్నది ఆడమనిషి అయితే.* ఇది కష్టం. ఇంకాస్త ఓపిక కావాలి, కానీ వదిలేయకండి. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, కొన్ని ఇళ్లలో అత్తవారు పేరే మార్చేసేవారు. భూమి మగవాళ్ల పేర్న ఉంటుంది. అందుకని ఆమె కోసం వేరేచోట్ల వెతకాలి. పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చి ఉంటే ఆ దస్తావేజులో ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు మూడూ ఉంటాయి. పుట్టింటి ఊళ్లో బడి అడ్మిషన్ రిజిస్టరు. తోబుట్టువుల శుభలేఖలు. చదివింపుల పుస్తకంలో ఆడపడుచుల పేర్లు. భర్త చిన్నతనంలోనే పోయి పుట్టింటికి తిరిగొచ్చిన ఆడవాళ్లయితే రెండు ఇళ్ల వంశవృక్షాల్లోనూ కనిపించరు. అలాంటివాళ్లని గుర్తుపెట్టుకునేది వాళ్లు పెంచిన పిల్లలు. ఆ ఇంట్లో తల్లి చిన్నప్పుడే పోయిన పిల్లలెవరో కనుక్కుని, వాళ్లనో వాళ్ల పిల్లలనో "మిమ్మల్ని ఎవరు పెంచారు?" అని అడగండి.

8. దొరికింది నిజమేనా? ఇలా సరిచూడండి

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కావాలి. అత్తయ్య, అత్తయ్య కూతురు ఇద్దరూ ఒకే పేరు చెబితే అది ఒక్క ఆధారమే, కూతురు తల్లి దగ్గరే విన్నది కాబట్టి. అత్తయ్య మాటా, స్టూడియో ఊరూ కలిస్తే రెండు.

వయసు లెక్క వేయండి. ఫోటో 1925ది, మనిషికి పాతికేళ్లనుకుంటే పుట్టింది 1900 ప్రాంతం. మీరనుకున్నాయన పెద్దకొడుకు 1909లో పుట్టాడని రికార్డు ఉంటే ఆయన కాదు. ఆయన తమ్ముడో, అక్క కొడుకో కావాలి.

ఒకే పేరుతో ఇద్దరున్నారేమో చూడండి. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో అన్నదమ్ముల మనవలు ముగ్గురు నలుగురు ఉండొచ్చు. తండ్రి పేరు కలవనిదే ఖాయం చేయకండి. దత్తత వెళితే ఇంటిపేరూ తండ్రి పేరూ రెండూ మారతాయి. ఉన్నట్టుండి ఒక మనిషి రికార్డుల్లోంచి మాయమైతే మొదట దత్తతని అనుమానించండి.

ఇప్పుడు ముఖం చూడొచ్చు. అది కూడా "ఈయనే" అనడానికి కాదు, "ఈయన కాదు" అనడానికి. పెద్దయ్యాక చెవి ఆకారం పెద్దగా మారదు. పేరు తెలిసిన ఇంకో ఫోటోలో చెవి తమ్మె విడిగా వేలాడుతూ, మీ ఫోటోలో బుగ్గకి అంటుకుని ఉంటే ఇద్దరూ వేరు. తిరగబడిన ప్రింటు కాదని చూసుకున్నాకే పోల్చండి.

ఇంకా అనుమానం ఉంటే, మీ నిర్ణయానికి పోటీగా ఇంకో ఇద్దరి పేర్లు రాసుకుని, వాళ్లు ఎందుకు కారో ఒక్కో వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే పని ఇంకా కాలేదు.

9. రాసిపెట్టండి, చూసి పంచండి

ఒక కాగితం మీద మూడు భాగాలుగా రాయండి: రుజువైంది, అనుకుంటున్నది, తెలియనిది. ప్రతి మాట పక్కన అది ఎక్కడిదో ఉండాలి. ఫోటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో పేరు, సంవత్సరం రాయండి. ఖాయం కాకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఆ చిన్న గుర్తు లేకపోతే మీ ఊహే తర్వాతి తరానికి నిజమైపోతుంది.

వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. వెతికేటప్పుడు రెండో పెళ్లి, వదిలేసిన భార్య, ఇచ్చేసిన బిడ్డ లాంటి సంగతులు బయటపడతాయి. ఆ మనిషి పిల్లలో మనవలో బతికుంటే ముందు వాళ్లకి విడిగా, ఎదురుగా కూర్చుని చెప్పండి. బయటికి చెప్పాలా వద్దా అనేది వాళ్లిష్టం. కొన్న ఫోటో అయితే, కుటుంబం దొరికాక అసలు ఫోటో వాళ్లకిచ్చి మీరు స్కాన్ ఉంచుకోండి.

స్కాన్లనీ, రాసిన కాగితాన్నీ కలిపి కనీసం ఇద్దరు బంధువుల దగ్గర ఉంచండి, వాళ్లు వేర్వేరు ఊళ్లలో ఉంటే మంచిది. తర్వాత కొత్త ఆధారం దొరికితే పాత కాగితం చింపేయకండి. దాని కిందే తేదీ వేసి, ఏది మారిందో, ఎందుకు మారిందో రాయండి.